నీళ్ళల్లో మనిషి

“ఝాన్సక్క ఏదన్నా? కామెంట్రీకి రాదేటి?”

సెమీఫైనలు నడుస్తూండగా లైవ్ చాట్‌లో ఆ ప్రశ్న మళ్ళీ పైకి తేలింది. ధర్మేంద్ర చూడనట్టే మైకు నోటి దగ్గరికి లాక్కున్నాడు. “ఇప్పుడు జోన్ తగ్గుతోంది ఫ్రెండ్స్. టీములన్నీ దక్షిణం వైపుకు వెళ్తున్నాయి. చాలా ఇంట్రెస్టింగ్ సిట్యుయేషన్,” అన్నాడు. అతని మామూలు మాట అది కాదు. మైకు ముందు కూర్చుంటే చాలు, టీవీలో వార్తలు చదివేవాడిలా తయారవుతాడు. కింద ఎవడో ఆవులించే బొమ్మ పెట్టాడు. ఇంకొకడు, “సౌండాపీసి సూడండి, బాగున్నాది,” అని రాశాడు.

కళింగపట్నం బీచి రోడ్డులో అతనిది సెల్‌ఫోన్ల రిపేరు షాపు. వేట నిషేధం వచ్చి బోట్లు ఇసక మీదికెక్కాయంటే వాటి మీద పనిచేసే కుర్రాళ్ళకు రెండు నెలలు చేతిలో పనుండదు. చేపలు గుడ్లు పెట్టుకోవాలంటుంది ప్రభుత్వం. చేపలు పట్టేవాడు పొయ్యి మీద ఏం పెట్టుకోవాలో మాత్రం సరిగా చెప్పదు. ఆ ఖాళీ రోజుల్లోనే ధర్మేంద్ర ఏటేటా ఈ టోర్నమెంటు పెడతాడు. ఫోన్లో ఆడే తుపాకుల ఆట. ఒక దీవి, నలుగురేసి జట్లు, ఆట సాగేకొద్దీ కుంచించుకుపోయే జోన్ అనే హద్దు, చివరిదాకా చావకుండా మిగిలినవాళ్ళు గెలిచినట్టు. రూము తెరిచేది అతడే, పాస్‌వర్డు పంపేది అతడే, రూల్సు రాసేది అతడే. ఆట నడుస్తున్నంతసేపూ లాప్‌టాప్ ముందు కూర్చుని దీవినంతా పైనుంచి చూస్తాడు. ఎవడు ఏ గోడ వెనక నక్కాడో అతనికొక్కడికే కనబడుతుంది. షాపులో స్క్రూడ్రైవరు పట్టుకున్నప్పుడు లేని దర్జా ఆ కుర్చీలో ఉంది.

ఆ కుర్చీలోకి ఝాన్సీ వచ్చింది. తనంతట తాను రాలేదు. ధర్మేంద్ర భార్య శైలజకు పినతల్లి కూతురు, అతనికి మరదలు వరస. తల్లి తవిటమ్మతో కలిసి చేపలు ఎండేసి అమ్ముతుంది. పోయినేడు తన గొంతు పట్టేస్తే ధర్మేంద్రే ఆమెను పిలిచి మైకు చేతిలో పెట్టాడు. ఒక్క పూటకే కదా అనుకున్నాడు. ఆమె వార్తలు చదవలేదు. “ఓలమ్మో, సూడండర్రా, బాంబేసినాడు! నెత్తళ్ళు సెదిరినట్టు సెదిరిపోనారు. ఒరే, ఆ సెట్టెనకాలోడా, నీ ముడ్డి కనబడతందిరా, దాసుకో!” అంది. ఆ ముక్కను కోసి పలాస నుంచి బొబ్బిలి దాకా కుర్రాళ్ళు ఒకరికొకరు పంపుకున్నారు. అప్పట్నుంచి ధర్మేంద్ర టోర్నమెంటు పేరు మారిపోయింది. ఝాన్సక్క టోర్నమెంటట.

ఈ ఏడు ఆమే మైకు వద్దంది. “ఎప్పుడూ గట్టుమీంచి అరవడమేనా బావా? ఈపాలి నానూ ఆడతాను,” అని, చేపలు ఏరే చోట తనతో కూర్చునే ముగ్గురాడపిల్లల్ని కూడగట్టి జట్టు కట్టింది. ధర్మేంద్ర లోపల్లోపల సంతోషించాడు. మైకు మళ్ళీ తనదైంది. మైకైతే వచ్చింది గాని, వినేవాళ్ళు దానితోపాటు రాలేదు. జట్లు ఎన్నున్నా వాళ్ళకు కావలసింది ఝాన్సీ జట్టే. ఆమె ఏ ఇంట్లో దూరిందో, ఎవణ్ణి పడగొట్టిందో చూపించమని చాట్ పోరు పెడుతోంది. అతడు వేరే జట్టును చూపిస్తే చూసేవాళ్ళు ఒక్కొక్కరే జారుకుంటున్నారు.

దీనికి పెద్ద పేర్లేం వెతకక్కరలేదు. కుళ్ళు. అంతే.

తెర మీద చీపురుపల్లి జట్టు ఒక మోటారు పడవెక్కి దీవి చివరనున్న పాయ దాటుతోంది. వాళ్ళ నాయకుడు పృథ్వీరాజ్, రైతుల కుర్రాడు, నిదానస్తుడు. గుట్ట మీంచి ఆమదాలవలస హరిబాబు జట్టు ఆ పడవను కాల్చింది. పడవ పేలింది. ఇద్దరు అక్కడికక్కడే పోయారు. పృథ్వీరాజూ ఇంకొకడూ నీళ్ళల్లో పడి ఒడ్డుకేసి ఈదుతున్నారు. ఈ ఆటలో ఈదేవాడు తుపాకి తియ్యలేడు. ఒడ్డున రాళ్ళ వెనక ఝాన్సీ జట్టు నలుగురూ ఉన్నారు. ఝాన్సీ తుపాకి పైకి లేచింది. గురి సరిగ్గా పృథ్వీరాజ్ తల మీద నిలిచింది. అంతలో దిగిపోయింది. నలుగురూ ఒడ్డుకు దూరంగా వెనక్కి తగ్గారు. ఈదేవాళ్ళు ఒడ్డెక్కారు, కాళ్ళ మీద నిలబడ్డారు, తుపాకులు తీశారు. అప్పుడు మొదలయ్యాయి కాల్పులు. ఝాన్సీ జట్టులో ఇద్దరు పడిపోయారు. ఆ తర్వాతే పృథ్వీరాజ్ పడ్డాడు.

“ఒడ్డుకొస్తున్నారు... వచ్చారు... ఇప్పుడు ఫైట్ స్టార్ట్ అయింది ఫ్రెండ్స్,” అన్నాడు ధర్మేంద్ర మైకులో. అందులో అతనికి వింతేమీ కనబడలేదు.

ఫైనలుకు వెళ్ళే జట్లలో ఝాన్సీ జట్టు అన్నిటికంటే చివరన నిలిచి గట్టెక్కింది. పృథ్వీరాజ్ జట్టు ముందు మ్యాచ్‌లలో వచ్చిన పాయింట్ల బలంతో నిలబడింది. ఝాన్సీ జట్టు కిందనే, వెంట్రుకవాసిలో ఆగిపోయినవాడు హరిబాబు.

అన్నానికి ఇంటికెళ్తే వీధిలోంచే ఝాన్సీ గొంతు వినిపించింది. వచ్చిందేమో అనుకున్నాడు. రాలేదు. శైలజ ఫోనును ఉప్పుడబ్బాకు ఆనించి, పోయినేటి వీడియో పెట్టుకుని, కత్తిపీట మీద చేపలు బాగుచేస్తూ నవ్వుతోంది. పొలుసు చేతులతో కళ్ళు తుడుచుకోలేక మోచేత్తో తుడుచుకుంటోంది. వెనక మొగుడు నిలబడ్డాడన్న ధ్యాసే లేదు.

“ఇప్పుడు నేను చెప్పింది చూశావా?” అన్నాడు.

“ఎప్పుడు?”

“పొద్దుట. సెమీఫైనలు.”

“ఓ, అదా. పెట్టినాను గానీ,” శైలజ చేప తల కోసి పక్కన పడేసింది, “మధ్యల కరెంటు పోనాది.”

ఆ వీధిలో ఆ పూట కరెంటు పోలేదు. ధర్మేంద్రకు ఆ సంగతి తెలుసు. ఆవిడకూ తెలుసు. అతడు కంచం ముందు కూర్చుని తలొంచుకుని తిన్నాడు.

షాపుకు తిరిగొచ్చేసరికి హరిబాబు పంపిన వీడియో ముక్క ఫోన్లో ఉంది. దాని కింద గొంతు మెసేజి. “ధర్మన్నా, ఓపాలి సూడు. సేతిల తుపాకులెట్టుకొని నలుగురూ బొమ్మల్లా నిలబడ్డారు. పృథ్వీగాడు సుబ్బరంగా ఈదుకొచ్చీసినాడు. ఇది టీమింగ్ గాకపోతే మరేటన్నా?”

టీమింగ్ అంటే రెండు జట్లు లోపాయికారీగా కలిసిపోవడం. ఆటలో అంతకు మించిన దొంగతనం లేదు. ధర్మేంద్ర రాసిన రూల్సులో రెండో మాటే అది. ఎదుటివాడు చేతికి చిక్కినా కావాలని కొట్టకుండా వదిలేస్తే ఆ జట్టును తీసేస్తారు.

అతడు ఆ ముక్కను మళ్ళీ మళ్ళీ చూశాడు. గురి పెట్టడం, దించడం, వెనక్కి తగ్గడం. బల్ల మీద విప్పిన ఫోను పెట్టుకుని, చేతిలో పట్టకారు మర్చిపోయి చూశాడు. చూస్తున్నకొద్దీ గుండెలో ఏదో చల్లగా దిగింది. చాన్నాళ్ళకు ఇంత బాగుండడం.

ఎందుకు వదిలారో అతనికి తెలియదా? ఆ ఊళ్ళో పుట్టినవాడికి ఎవడికి తెలియదు! సముద్రం మీద వలలకోసం రెండూళ్ళవాళ్ళు తెడ్లెత్తి తలలు పగలగొట్టుకుంటారు. ఆ కొట్లాటలో ఒకడు నీళ్ళల్లో పడ్డాడా, ఎత్తిన తెడ్డు ఎత్తినచోటే ఆగుతుంది. ముందు వాణ్ణి పైకి లాగుతారు. పడవలో నిలబెట్టి, ఊపిరి తిరగనిచ్చి, అప్పుడు మళ్ళీ అమ్మా ఆలీ తిట్లు తిట్టి కావాలంటే కొడతారు. నీళ్ళల్లో ఉన్నవాణ్ణి కొట్టరు. ఇది ఎవరూ ఎవరికీ కూర్చోబెట్టి నేర్పింది కాదు. ఝాన్సీ బొటనవేలు ఆట మధ్యలో ఆగిందంటే ఆ వేలికి ఆట కన్నా సముద్రం ముందు తెలుసు గనక ఆగింది. చీపురుపల్లివాడితో ఆమెకు లోపాయికారీ ఏముంది? వాడి మొహం కూడా ఎప్పుడూ చూడలేదు.

ధర్మేంద్రకు ఇదంతా తెలుసు. తెలిసే టోర్నమెంటు వాట్సాప్ గ్రూపు తెరిచాడు. “రూలు నంబరు రెండు ప్రకారం ఝాన్సీ టీమును టీమింగ్ చేసినందుకు ఫైనల్ నుంచి తొలగించడమైనది. వారి స్థానంలో హరిబాబు టీము ఆడును. నిర్వాహకుల నిర్ణయమే అంతిమం,” అని టైపు చేశాడు. నిర్వాహకులు అని రాశాడు గాని అక్కడున్నది తనొక్కడే. పంపాక ఫోను బోర్లించి, పట్టకారు తీసుకుని పనిలో పడ్డాడు. ఈల కూడా వేశాడు.

మర్నాడు పొద్దున్నే తవిటమ్మ వచ్చింది. నెత్తిన ఎండుచేపల గంప, వెనక ఝాన్సీ. గంప తెచ్చి సరిగ్గా కొత్త ఫోన్ల కవర్లు వేలాడే అద్దాల బల్ల మీద దించింది. వాసనకు లోపలున్న కస్టమరు ఒకడు ముక్కు మూసుకుని తర్వాతొస్తానని పోయాడు.

“ఏటల్లుడూ, నా కూతురు దొంగాట ఆడిందంట?”

“దొంగాట అన్లేదత్తా. రూలు.”

“రూలంటే?”

“ఎదుటోణ్ణి కొట్టాలి. కొట్టకుండా వదిలీకూడదు.”

“నీళ్ళల ఉన్నోణ్ణా?”

ధర్మేంద్ర స్క్రూలు పెట్టుకునే మూతలో స్క్రూలను వేలితో అటూ ఇటూ తిప్పాడు.

“నీళ్ళల మనిషి కనబడితే ఏటి సెయ్యాలో దానికి సిన్నప్పుడే తెలుసు. నీ ఆటల ఏటి సెయ్యాలో తెలకపోతే అది నీ తప్పు, దాని తప్పు కాదు,” అంది తవిటమ్మ. “ఊరంతటికీ దొంగని రాసీసినావు. పొద్దుట నీలాటికాడ ఒకడు నవ్వుతన్నాడు, ‘మీ పిల్ల సీపురుపల్లోడితో కలిసిపోనాదంట కదేటి’ అని. కలిసిపోడమంటే ఆడి నోట్ల ఏ అర్థముందో నీకు నాను సెప్పాలా?”

ఈ ఒక్క మాటకు ధర్మేంద్ర తలెత్తాడు. ఈ సంగతి అతడు అనుకోలేదు. మగజట్టును తీసేస్తే దొంగాట అంటారు. ఆడపిల్లను తీసేస్తే ఇంకేదో అంటారు. ఊరి నోరు ఎటు తిరుగుతుందో ఊళ్ళో బతికేవాడు ముందే ఆలోచించాలి. ఆలోచించలేదు. లేదా, ఆలోచించే తీరిక తన కుళ్ళు ఇవ్వలేదు.

“ఉండమ్మా,” అంది ఝాన్సీ. ముందుకొచ్చి బల్ల మీద మోచేతులానించింది. గోళ్ళ సందుల్లో ఉప్పు తెల్లగా కనిపించింది. కోపంగా లేదు. అదే అతణ్ణి ఇబ్బంది పెట్టింది. “బావా, ఒక్క మాటడుగుతాను. నువ్వయితే కొట్టుందువా?”

“ఆటంటే ఆటే ఝాన్సీ. నీళ్ళంటే నిజం నీళ్ళు కావు కదా.”

“నాకూ తెలుసు బావా నిజం నీళ్ళు కావని. పిచ్చిదాన్నేటి? గురెట్టినాను. ఏలు ఎల్లలేదు.” నవ్వింది. “సరే, తీసీ. గానీ టీమింగ్ అన్న మాట మార్చీ. ‘కొట్టలేదు గనక తీసీసినాం’ అని రాయి. అది నిజమే కదా. ఆ పిల్లల ఇళ్ళల్ల గొడవలవుతన్నాయి.”

ఇంత చిన్న కోరిక. మార్చడానికి రెండు నిమిషాలు చాలు. ఆమె ఏడ్చి ఉంటే మార్చేవాడేమో. తిట్టి ఉంటే వాదించేవాడు. నవ్వుతూ, ఇద్దరూ కలిసి చేసే పనిలాగ అడిగేసరికి, ఇక్కడ కూడా పెద్దమనిషి తనే అయిపోయిందనిపించింది.

“పెట్టీసింది పెట్టీసినట్టే. మారిస్తే రేపు అందరూ మార్చమంటారు,” అన్నాడు.

తవిటమ్మ గంప నెత్తిన పెట్టుకుంది. “పద. ఈడు నీళ్ళల్లో ఉన్నోళ్ళని గట్టుమీంచి సూసే రకం,” అంది కూతురితో.

వాళ్ళు వెళ్ళాక పృథ్వీరాజ్ ఫోను చేశాడు. “ధర్మేంద్రగారూ, నాకో సంగతి అర్థం కాలేదండీ. టీమింగంటే రెండు టీములు కలవాల కదా. మరి మమ్మల్ని తియ్యలేదేటండీ?”

“మీరు ఒడ్డెక్కగానే కాల్చారు. అందుకని.”

“వాళ్ళూ కాల్చేరు కదండీ. మా ఇద్దర్నీ చంపేరు కూడాను!” అన్నాడు పృథ్వీరాజ్. “నాకప్పుడు ఆశ్చర్యమేసిందండీ, నీళ్ళలో ఎందుకు కొట్టలేదో. మా వైపయితే అదే మంచి చాన్సంటాం. మీ వైపు ఏదేనా పద్ధతుందేటండీ?”

“పద్ధతేం లేదు,” అన్నాడు ధర్మేంద్ర. ఆ మాట తన నోట్లోంచి ఇంత తేలిగ్గా వస్తుందని అతనికే తెలియదు.

మధ్యాహ్నం శైలజ అన్నం తెచ్చి బల్ల మీద ఠప్పున పెట్టింది. క్యారేజీ విప్పలేదు. “ఆ పోస్టు తియ్యి,” అంది.

“ఏం, మీ పిన్ని వచ్చి ఏడ్చిందా?”

“మా పిన్ని ఏడిసే రకం కాదు. నీకు దానిమీద కుళ్ళు. ఎప్పట్నించో సెప్పనా? ఆ వీడియో నాను నవ్వుతా సూసినప్పట్నించి కాదు. అంతకుముందునుంచే. దాని గొంతు ఫోన్ల వినబడితే నువ్వు ముద్ద నమల్డం ఆపీస్తావు. నాను సూడనేటి?”

“ఈ టోర్నమెంటు పెట్టింది నేను!” అని అరిచాడు ధర్మేంద్ర. “రూమ్ తీసేది నేను. రాత్రీ పగలూ కూచునేది నేను. దానికేం, వచ్చి రెండు వెటకారాలాడి పోయింది. జనం దాని పేరెత్తుతారు. నా పేరు ఏ ఒక్కడైనా ఎత్తుతున్నాడా?”

శైలజ అతని మొహంలోకి చూసింది. “ఎత్తుతున్నారు ఇయ్యాల. ఊరంతా నీ పేరే,” అని వెళ్ళిపోయింది.

ఫైనలు రోజు ఎండ మండిపోతోంది. బోట్ల నీడలో, గుడి అరుగు మీద, ఐసు ఫ్యాక్టరీ గోడ పక్కన కుర్రాళ్ళు ఫోన్లు పట్టుకుని గుంపులుగా కూర్చున్నారు. ధర్మేంద్ర రూము తెరిచి పాస్‌వర్డు పంపాడు. లైవ్ చూసేవాళ్ళు పోయినేడుతో పోలిస్తే నాలుగో వంతు కూడా లేరు. చాట్‌లో ఝాన్సీ పేరు కూడా లేదు. ఎవరూ అడగడం లేదు. ఈ నిశ్శబ్దం కోసమే కదా ఇంత చేసింది? తీరా వస్తే అది ఖాళీ షాపులా ఉంది.

అంతలో భావనపాడు జట్టు నుంచి ఫోను. వాళ్ళలో ఒకడి ఫోను వేడెక్కి ఆగిపోయింది. “బావా, ఒకడు తక్కువయినాడు. నువ్వొచ్చీ. అందరూ ఒప్పుకున్నారు, అడిగినాం. గంటసేపు గుడ్లప్పగించి సూడ్డం కంటే ఆడకూడదేటి?”

మామూలుగా అయితే ఒప్పుకునేవాడు కాదు. అందరికీ పైన కూర్చునేవాడు దీవిలోకి దిగడమేమిటి? కాని చూసేవాళ్ళు తగ్గిపోతున్నారు. ఝాన్సీ మైకు వదిలి ఆడితే జనం వెంటపడ్డారు కదా. తనూ ఆడతాడు. తన ఆటనే లైవ్‌లో పెడతాడు. చేతివేళ్ళు ఆమెకేనా ఉన్నాయి? “వస్తన్నాను,” అన్నాడు. ఆ మాట వార్తల మాటలా రాలేదు. తన మాటలాగే వచ్చింది.

నిజానికి బాగానే ఆడాడు. మొదట్లోనే ఒకణ్ణి కిటికీలోంచి పడగొట్టాడు. ఇంకొకణ్ణి మెట్ల మీద పట్టుకున్నాడు. చాట్‌లో ఎవడో, “ఓరి, ధర్మన్న ఆడగలడు రోయ్,” అన్నాడు. చూసేవాళ్ళ అంకె పైకి కదిలింది. ధర్మేంద్ర మోకాళ్ళు బల్ల కింద ఆడడం మొదలెట్టాయి. నుదుటి చెమట ఫోను అద్దం మీద పడితే మోచేత్తో తుడిచి మళ్ళీ వంగాడు. మైకు సంగతి మర్చిపోయి, “ఒరే, ఎడంపక్క సూడండర్రా, ఎడంపక్క! ఉన్నాడాడు, గోడెనకాల నక్కినాడు!” అని అరుస్తున్నాడు. “ఇలగ మాటాడన్నా, ఇప్పుడు బాగున్నాది,” అని ఎవరో రాశారు. అతడది చదివాడు. చెవులు వెచ్చబడ్డాయి.

జోన్ కుంచించుకుపోయి దీవి చివరి రేవు మీద నిలిచింది. భావనపాడు జట్టు పడవెక్కింది. మిగిలినవి మూడే జట్లు. రేవు మీద ఉన్నది కళింగపట్నం కుర్రాళ్ళు, గోపి జట్టు. గోపి నరసింగరావు బోటు మీద కళాసీ. ధర్మేంద్ర పెళ్ళిలో పందిరి గుంజలు పాతినవాళ్ళలో ఒకడు. ఇంకో పక్కనుంచి హరిబాబు జట్టు పడవను కాల్చింది. పడవ పేలింది. భావనపాడు వాళ్ళు ముగ్గురూ పోయారు. ధర్మేంద్ర ఒక్కడూ నీళ్ళల్లో పడ్డాడు.

మునిగి ఈదవచ్చు. ఈ ఆటలో ఒక మీట నొక్కితే మనిషి అడుగుకు వెళ్ళిపోతాడు, పైనుంచి కనబడడు. ఒడ్డున హరిబాబుంటే తనూ అదే చేసేవాడేమో. ధర్మేంద్ర మునగలేదు. అసలా ఆలోచనే రాలేదు. తల పైకి పెట్టి, రేవు మీద తుపాకి పట్టుకున్న గోపికేసి తిన్నగా ఈదాడు. ఒడ్డున ఉన్నది గోపి. ఎక్కాక చూసుకుందాం. ఎక్కాక ఇద్దరూ కొట్టుకుంటారు. ఎక్కగానే ఏ తుపాకి తియ్యాలో కూడా అతని వేలు అప్పుడే వెతుక్కుంటోంది.

గోపి బొమ్మ తుపాకి ఎత్తింది. ఒక్క క్షణం కదలకుండా నిలబడింది. తర్వాత కాల్చింది.

తెర బూడిదరంగుకు తిరిగింది. అతని పేరు మీద గీత పడింది. ధర్మేంద్ర ఫోను పట్టుకునే ఉన్నాడు. బొటనవేలు ఇంకా ముందుకే నొక్కుతోంది. లైవ్ నడుస్తూనే ఉంది. చూసినవాళ్ళందరూ చూశారు. చాట్‌లో తర్వాత ఒక్కటి వచ్చింది: “నీళ్ళల కొట్టీసినాడేటి!” ఆ కింద ఇంకొకడు: “రూలు కదా మావా.”

ఎవరు గెలిచారో ధర్మేంద్ర సరిగా చూడలేదు. లాప్‌టాప్ మూసి బయటికొచ్చాడు. బోట్ల నీడలోంచి గోపి ఎదురుగా పరుగెత్తుకొచ్చాడు. ఇంకా చేతిలో ఫోను, మొహమంతా చెమట.

“బావా, ఏమనుకోకు. ముందు ఆపినాను బావా. నిజంగా ఆపినాను. ఈళ్ళంతా ఎనకనుంచి ‘కొట్టరా, కొట్టరా, నేదంటే మననీ టీమింగని తీసీస్తాడు’ అని అరిసీసినారు. ఏటి సెయ్యను? నువ్వే కదా రూలన్నావు.”

“ఆటే కదరా,” అన్నాడు ధర్మేంద్ర.

“ఆటే అనుకో.” గోపి ఫోనును లుంగీకి తుడుచుకున్నాడు. నవ్వబోయాడు గాని రాలేదు. “గానీ అదోలాగున్నాది బావా. ఏటో పాడు పని సేసినట్టున్నాది.”

ధర్మేంద్ర ఆ రోజు షాపు మళ్ళీ తియ్యలేదు. మర్నాడు పొద్దుట గ్రూపులో ఆ పోస్టు తీసేశాడు. తీసేస్తే ఏమవుతుంది, అప్పటికే ఊరు చదివేసింది. “ఝాన్సీ టీము టీమింగ్ చెయ్యలేదు. తప్పు నాది,” అని రాశాడు. ఎవరో బొటనవేలి బొమ్మ పెట్టారు. అతడు చెప్పులు వేసుకుని రేవుకేసి నడిచాడు.

నిషేధం మోటారు బోట్లకే గాని తెప్పలకు కాదు. తెల్లవారి తెప్పలు తెచ్చిన నెత్తళ్ళను, వేలెడేసి చిన్న చేపలను, తవిటమ్మ పాత వలల మీద పరిచింది. వెండి రేకుల్లా ఎండకు మెరుస్తున్నాయి. ఝాన్సీ చీర కుచ్చెళ్ళు ఎగదోపుకుని, వలకు ఒక చివర కూర్చుని, రెండు చేతులతో చేపలను తిరగేస్తూ జరుగుతోంది. కాకుల్ని తోలడానికి పక్కన ఒక కర్ర పెట్టుకుంది.

“నిన్న చూశావా?” అన్నాడు ధర్మేంద్ర.

“ఏది బావా?”

“ఫైనలు.”

“లేదు. నిన్న సేప బాగా పడ్డాది. మజ్జేనం దాకా ఉప్పెయ్యడమే సరిపోయింది.” చేపల మీదినుంచి చూపు ఎత్తలేదు. “ఎవులు నెగ్గినారు?”

ఇన్నాళ్ళూ అతడు మనసులో ఈమెతో పోట్లాడుతూనే ఉన్నాడు. తిండి దగ్గర, పడక మీద, మైకు ముందు. ఈమె మాత్రం ఆ పోట్లాటలో ఒక్కసారీ లేదు. ఉప్పు వేసుకుంటోంది.

“నన్ను గోపి కొట్టేశాడు,” అన్నాడు. “నీళ్ళలో ఉండగా.”

ఝాన్సీ చేతులు ఆగాయి. “గోపియా?”

“ఊఁ.”

“మన గోపే?”

అతడు తలూపాడు. ఆమె మొహంలో నవ్వు వస్తుందని చూశాడు. తగిన శాస్తి జరిగిందన్న సంతోషం కొంచెమైనా కనబడితే అతనికి తేలికగా ఉండేది. అది రాలేదు. ఆమె తవిటమ్మకేసి చూసింది. ముసలామె నోట్లోంచి చుట్ట తీసి చేతిలో పట్టుకుంది.

“వచ్చే ఏడు రూలు మారుస్తాను,” అన్నాడు ధర్మేంద్ర గబగబా. “నీళ్ళలో ఉన్నవాణ్ణి కొట్టకూడదని పెడతాను. కొడితే అవుటని రాస్తాను.”

“రాసి ఏటి సేత్తావు బావా?” ఝాన్సీ మళ్ళీ చేపలు తిరగెయ్యడం మొదలెట్టింది. “రాయకముందు ఎవుడూ కొట్టనేదు. ఇప్పుడు రాసినా, కొట్టాలా ఒద్దా అని ముందు రూలు సూసుకుంటారు.”

ధర్మేంద్ర చెప్పుల్లో పడిన ఇసక కాలుతోంది. మైకు నువ్వే తీసుకో అందామనుకున్నాడు. గ్రూపు కూడా నీకే ఇచ్చేస్తాను, నువ్వే నడుపు అందామనుకున్నాడు. ఆ మాటల్లో కూడా ఇచ్చేవాడు తనే.

“బావా,” అంది ఝాన్సీ.

“ఏం?”

“కాస్త అటు జరుగు. నీ నీడ సేపల మీద పడతంది.”

ధర్మేంద్ర జరిగాడు.